చక్రము నడిమి బిళ్ళ

గోపురముమీది బొమ్మలను గూర్చి విమర్శ వ్రాయవచ్చును. చీరయంచును గూర్చియు, జడబిళ్ళను గూర్చియు వ్రాయవచ్చును. కాని మోటారుకారు చక్రమునకు నడుమ, అరచేతి పాటి చోటున, అమర్చెడి మూతను గూర్చి విమర్శ యేమిటని పాఠకులు నవ్వవచ్చును. నవ్వినను తప్పులేదు. అయితే దినమునకు ఇన్నిమారులు మన కన్నులబడు అలంకారము మరియొకటి గలదేమో విచారింపుడు. వారమున కొకమారు దేవాలయమునకు పోవువారును, ఏడాది కొకమారు చిత్రశాలకు పోవువారును, గుమ్మము దాటి వీధిలో అడుగు పెట్టగానే పదియో యిరువదియో చక్రములను చూచుచునే యున్నారు. ఆ చక్రములలో ప్రతిదాని నడుమను ఎవరో యొకరు ఆలోచించి గీసిన బిళ్ళ యున్నది. ఇంత విరివిగా జనులయెదుట నిలుచు పనితనమును గూర్చి మంచిచెడ్డలు విచారించువారు లేకపోవుటయే నాకు వింతగా తోచుచున్నది.

దీనిని ఇంగ్లీషువారు హబ్ కాప్ అనియు, సెంటర్ కాప్ అనియు అందురు. మన మెకానిక్కులు వీల్ కప్పు అందురు. చక్రమును సాంతముగా కప్పెడి పెద్ద పళ్ళెమునకును, నడుమ మాత్రము కూర్చెడి చిన్నమూతకును వారు ఒక్కటే పేరు వాడుదురు గనుక, చిన్నదానిని నేనీ వ్యాసమున బిళ్ళ యనియే వ్యవహరించెదను. జడమీది చేమంతిబిళ్ళను ఎరిగిన వారికి ఆ మాటయే చాలును. గుండ్రని దానికి నడుమ ఏమి పెట్టవలెనను ప్రశ్నకు మన కంసాలులు ఎన్నడో ఒక సమాధానము చెప్పియున్నారు. ఆ సమాధానమును మోటారు కంపెనీలవారు వినలేదనుటయే నా ఆరోపణ.

ఇటీవల నొక వివాహమునకు పోయి, ముహూర్తమునకు ఇంకను వ్యవధి యుండుటచే, కల్యాణమండపము ముందర వరుసగా నిలిపియున్న కార్ల నడుమ కొంతసేపు తిరిగితిని. ఇరువదికి పైగా కార్లుండెను. ప్రతి బిళ్ళమీదను కంపెనీ పేరో ముద్రయో యున్నది. కొన్ని పేర్లు తలక్రిందులుగా నున్నవి. కొన్ని ప్రక్కకు ఒరిగి పరుండినట్లున్నవి. ఒక కారునకు ముందుచక్రపు పేరు నేలను చూచుచు, వెనుకచక్రపు పేరు ఆకాశమును చూచుచున్నది. రెండుచక్రములందును పేరు నిటారుగా నిలిచిన కారు ఒక్కటియు కనబడలేదు. పెండ్లికి పట్టుబట్టలు కట్టుకొని వచ్చిన వారందరును తలపాగాలు తలక్రిందులుగా ధరించి వచ్చినట్లు నాకు తోచి నవ్వు వచ్చెను.

ఇది ఆనాటి దురదృష్టము కాదు, గణితము. చక్రము ఎక్కడ నిలుచునో డ్రైవరు చేతిలో లేదు. ముద్ర పదునైదు డిగ్రీల వరకు ఇటో అటో ఒరిగినను కన్ను క్షమించు ననుకొందము. అప్పుడు మూడువందల అరువది డిగ్రీలలో ముప్పది మాత్రమే మనకు సమ్మతములు. అనగా ఒక చక్రమున పేరు చక్కగా నిలుచుటకు పండ్రెండింట నొక పాలు; ఒక ప్రక్కనున్న రెండుచక్రములును చక్కగా నిలుచుటకు నూటనలువదినాలుగింట నొక పాలు. తాను గీసిన బొమ్మ నూటనలువదిమూడు మారులు తప్పుగా కనబడి ఒక్కమారు ఒప్పుగా కనబడునని తెలిసియు గీయువానిని ఏమనవలెను? కంపెనీల ప్రకటనచిత్రములను చూడుడు. అందు ప్రతి చక్రమునను పేరు నిటారుగా నుండును. ఫోటో తీయుటకు ముందు చక్రములను సరిగా త్రిప్పి నిలుపుదురు. బిళ్ళను గీసినది ఫోటోకొరకు గాని దారికొరకు కాదని ఆ చిత్రములే సాక్ష్యమిచ్చుచున్నవి.

మొదట ఇది ఇట్లుండలేదు. బండిచక్రమునకు నడుమ కుండ, కుండలో ఇరుసు, ఇరుసు చివర కడసీల. ఇరుసు అరుగకుండుటకు కందెన. ఆ కందెనలోనికి దుమ్ము చేరినచో చక్రము కిర్రుమనును, తరువాత ఇరుసు తినబడును. మోటారుబండ్లు పుట్టిన క్రొత్తలో మట్టిదారులే ఎక్కువ గనుక, ఇరుసు చివరను మరమూతతో బిగించిరి. దుమ్మును వెలుపలను, కందెనను లోపలను ఉంచుటయే దాని పని. 1908లో వెలువడిన ఫోర్డు కంపెనీ టీ మోడలునకు ఆ మూతమీదనే కంపెనీ పేరును చేవ్రాతవలె తీర్చిరి. చేయవలసిన పని యుండి, పనిచేయుచున్న వస్తువుమీద వ్రాసిన పేరు గనుక అది ముద్దుగానే యుండెడిది. సుత్తిపిడిమీద కమ్మరి పేరువలె. క్రమముగా కందెనను కాచు పని లోపలి చిన్న లోహపుగిన్నెకు పోయినది. పైమూతకు చక్రపు నడిమి రంధ్రమును కప్పి నీటిని, బురదను కొంత అడ్డుట తప్ప వేరుపని లేకపోయినది. పని తగ్గినకొలది అలంకారము పెరిగినది. ఇప్పటి బిళ్ళలలో పెక్కింటికి దేహము ప్లాస్టిక్, పైని లోహపుపూత, వెనుక నాలుగైదు ప్లాస్టిక్ కొక్కెములు. కొక్కెము విరిగినచో గోతిలో చక్రము పడిన నాడే బిళ్ళయు పడును. బజారులో ఏ కంపెనీ బిళ్ళ కావలెనన్నను నకలు దొరకును గనుక, చౌకకారునకు ఖరీదైన కారు బిళ్ళ తగిలించుకొని తిరుగు యువకులును గలరు. వారి విషయము నాకు వలదు.

ఈ మార్పు ఎట్లు జరిగెనో కన్నులార చూడగోరువారు కోయంబత్తూరులోని జీడీ కార్ల ప్రదర్శనశాలకు పోవచ్చును. ఆ నగరప్రాంతపు తెలుగు కుటుంబమున పుట్టి, బస్సులు నడిపి, యంత్రములు నిర్మించి, దేశమున పేరుగాంచిన జి.డి. నాయుడుగారి (1893–1974) పేర నడచు ధర్మసంస్థవారిది ఆ శాల. మన పిల్లలు అక్కడ కార్ల మొగములముందర ఫోటోలు తీయించుకొందురు. ఒకమారు మోకాళ్ళమీద కూర్చుండి చక్రముల నడుమ చూడుమని వారికి చెప్పవలెను.

అలంకారము పనినుండి విడిపోయినచో ఏమగునో చెప్పుటకు రెక్కలబిళ్ళ కథ యొకటి గలదు. పందెపుకార్లకు చక్రములను త్వరగా మార్చవలసియుండెను. అందుకై రడ్జ్-విట్‌వర్త్ అను ఇంగ్లీషు కంపెనీవారి తీగచక్రములను నడుమ ఒక్క పెద్దమరతోనే బిగించెడివారు. ఆ మరకు రెండో మూడో చెవులుండును. మెత్తని లోహపు సుత్తితో చెవిమీద కొట్టినచో మర ఊడును, మరల కొట్టినచో బిగియును. చక్రము తిరుగుడుకు మర వదులు కాకుండుటకై బండికి రెండు ప్రక్కలను మరలచుట్లు ఎదురెదురుగా నుండెడివి. ఆ చెవులు అందముకొరకు పెట్టినవి కావు. సుత్తి దెబ్బ తినుటకు పెట్టినవి. అయినను అందముగా నుండెను. ఆ యందమును చూచి అమెరికావారు మోహపడిరి. 1953లో ఓల్డ్స్‌మొబీల్ కంపెనీ ఫియెస్టా అను కారును 458 మాత్రమే చేసినది. కాని దాని చక్రపు పళ్ళెము నడుమ మూడురెక్కల బిళ్ళ దేశమెల్ల ప్రాకినది. కుఱ్ఱవాండ్రు తమ పాతకార్లకు దానినే కొని తగిలించుకొనిరి. ఆ రెక్కలను ఏ సుత్తియు కొట్టదు. అవి ఏ మరను బిగింపవు. ఊరక తిరుగును.

తిరుగు రెక్క యనగా కత్తియే. ప్రక్కన నడచు మనిషిని, సైకిలువానిని అది కోయగలదు. 1968 జనవరినుండి అమెరికా ప్రభుత్వము చక్రపు మరలమీదను మూతలమీదను రెక్కలవలె పొడుచుకొని వచ్చు భాగములను నిషేధించినది. పాపము, ఆ దెబ్బ నిజముగా పనిచేయుచున్న చెవులకును తగిలినది. జాగ్వార్ ఈ-టైపు వంటి కార్లు తమ చెవుల మరలను విడిచి, చెవులులేని మరలను ధరింపవలసివచ్చెను. నకలుచేసిన వాని తప్పునకు అసలువాడు చెవులు కోయించుకొన్న కథ మన పంచాయతీలలో గూడ విన్నదే.

నేటి బిళ్ళలకు కత్తిగుణము లేదు. వాని దోషము వేరు. వానిని ఒక్కొక్కటిగా చూతము.

ఈ విషయమున అదృష్టవంతులు మెర్సిడెస్ వారు. డైమ్లరు కంపెనీ 1909లో నమోదు చేయించుకొన్న మూడుకోణముల నక్షత్రము, 1926లో బెంజ్ కంపెనీతో కలసిన పిమ్మట, బెంజ్ వారి లారెల్ ఆకుల దండను చుట్టును ధరించినది. నేలమీదను, నీటిమీదను, గాలిలోను యంత్రములను నడుపవలెనను సంకల్పమే ఆ మూడు కోణములని చెప్పుదురు. చక్రమును తలచి గీసినది కాకపోయినను అది చక్రమునకు కుదిరినది. నూటయిరువది డిగ్రీలు తిరిగినచో నక్షత్రము మరల తానే యగును. మనము పెట్టుకొన్న కొలత ప్రకారము అది నాలుగింట నొకమారు చక్కగా నిలుచును. ఎంత ఒరిగినను అరువది డిగ్రీలకు మించి ఒరుగదు. ఒరిగినప్పుడును నక్షత్రముగానే కనబడును గాని తప్పుగా కనబడదు. ఆకాశమున నక్షత్రమునకు తలయేది, కాళ్ళేవి? ఇందొక లోపము మాత్రము చెప్పక తప్పదు. ఆ కార్ల చక్రములకు నట్లు ఐదు. పెక్కు చక్రములకు ఆకులును ఐదే. మూడుకు ఐదుకు పొత్తు లేదు. నక్షత్రపు ఒక కోణమును ఒక ఆకునకు సరిగా ఎదురుగా నిలిపినచో, మిగిలిన రెండు కోణములును తమతమ దగ్గరి ఆకులనుండి ఇరువదినాలుగు డిగ్రీలు తప్పి నిలుచును. చూపరికి కారణము తెలియదు గాని ఏదో పొసగనట్లుండును. బిళ్ళ గీయువాడు చక్రపు ఆకులను లెక్కపెట్టవలెనను చిన్న నియమము ఎంత గొప్ప కంపెనీవారిని గూడ వదలదు.

బీ.ఎం.డబ్ల్యూ. వారి బిళ్ళ అంతకంటె విచారింపదగినది. నడుమ వృత్తమును నాలుగు పాళ్ళుచేసి నీలము, తెలుపు మార్చిమార్చి నింపిరి. ఇవి బవేరియా రాష్ట్రపు వర్ణములు. ముద్ర 1917లో నమోదైనది. 1929 నాటి ప్రకటనలో తిరుగుచున్న విమానపు ప్రొపెల్లరుమీద దీనిని చూపిరి. నాటినుండి ఇది ప్రొపెల్లరు బొమ్మయే యను కథ లోకమున నిలిచిపోయినది. కథ చరిత్రకు చెల్లదు. కాని ఆ కథ పుట్టించిన కన్ను మాత్రము మంచి కన్ను. ఈ ముద్ర తిరిగినచో ఎట్లుండునని అది ఊహించినది. కారు కదలగానే నీలమును తెలుపును ఒకదానిలో నొకటి కరగి, వేకువవేళ ఆకాశపు రంగు వచ్చును. నిలువగానే మరల విడిపోవును. నిలిచినప్పు డొక రూపము, తిరిగినప్పు డొక రూపము, రెండును సొంపే. చక్రపుబిళ్ళకు ఇంతకంటె కోరదగిన గుణము లేదు. అయితే ఆ వృత్తము చుట్టునున్న నల్లని పట్టెలో, పైభాగమున, మూడు రోమను అక్షరములున్నవి. అవి ఉన్నంతవరకు బిళ్ళకు తల యొకటి ఏర్పడును. తల యేర్పడిన పిమ్మట తలక్రిందులగుట తప్పదు. చక్రముమీది బిళ్ళకైనను ఆ మూడక్షరములను విడిచియున్నచో అది నిర్దుష్టమై యుండెడిదని నా యభిప్రాయము.

తక్కిన వారి సంగతి వేగముగా చెప్పవచ్చును. 1932లో నాలుగు జర్మను కంపెనీలు కలసినందుకు గుర్తుగా నిలిచిన ఆడీవారి నాలుగు వలయములు ఒక వరుసగా నుండుటచే, తలక్రిందులైనను మారవు. కాని చక్రము పావువంతు తిరిగి నిలిచినచో గిన్నెలు పేర్చినట్లుండును. మిత్సుబిషివారి మూడు వజ్రములకు మెర్సిడెస్ నక్షత్రపు గుణమే యున్నది. సిట్రోయెన్ వారిది విచిత్రము. ఆంద్రే సిట్రోయెన్ చేయించిన పళ్ళచక్రములకు పళ్ళు విల్లు విరిచినట్లు వంపుతిరిగి యుండెడివి. ఆ వంపులే 1919లో మొదలైన కార్లకు రెండు కోణములుగా ముద్రయైనవి. చక్రపు పంటినుండి పుట్టిన ముద్ర చక్రముమీద మాత్రము ఇమడదు. తలక్రిందులైనచో పైకి పోవలసిన కోణములు నేలలోనికి దిగుచున్నట్లుండును. సుజుకివారి ముద్రాక్షరమును తలక్రిందులు చేసినను అదే యక్షరము, వారి పుణ్యము. 2019నుండి పెనుకొండ దగ్గర తయారగుచున్న కియా కార్ల బిళ్ళమీద ఉన్నవి మూడక్షరములే. అక్షరమునకు ఎప్పుడును తలయు పాదమును ఉండును. మన తెలుగు లిపి గుండ్రని దందురు గదా, మనమే ఒక కారు చేసి తెలుగక్షరము పెట్టుకొన్నచో బాగుండునేమో యని ఒక మిత్రుడు అడిగెను. తలకట్టు లేని యక్షరమును వెదుకుమంటిని. ఎటు త్రిప్పినను తప్పురానిది సున్న యొక్కటియే.

ఇక రోల్స్ రాయిస్. 2003లో వెలువడిన ఫాంటమ్ కారునకు వారు ఈ చిక్కును శిల్పముతో గాక యంత్రముతో తీర్చిరి. బిళ్ళను చక్రమునకు బిగింపక, బేరింగుమీద నిలిపి, అడుగున బరువు పెట్టిరి. చక్రము ఎంత వేగముగా తిరిగినను జంట అక్షరములు నిటారుగా నిలిచియుండును. పనితనమున ఇది గొప్పది, కాదనువాడు మూర్ఖుడు. మొదటిమారు చూచినవాడు చక్రమే నిలిచిపోయినదా యని భ్రమపడును. తరువాత బీ.ఎం.డబ్ల్యూ. వారును ఇట్టి తేలుబిళ్ళలను విడిగా అమ్మసాగిరి. అనగా తిరిగినప్పుడు ఆకాశమగు తమ నీలమును తెలుపును తిరుగనీయకుండ, మూడక్షరముల మర్యాదకొరకు కట్టిపెట్టిరి. ఒక బిళ్ళయందలి మంచిని చంపి చెడును కాపాడుటకు ఇంత చక్కని యుపాయము నేనెక్కడను చూడలేదు.

తేలుబిళ్ళను మెచ్చువారి వాదము నాకు తెలియకపోలేదు. కంపెనీ అమ్మునది పేరు. కొనువాడు కొనునదియు పేరే. పేరు చదువబడవలెను గదా యని వారందురు. వ్యాపారమున అది సత్యమే. కాని అట్టి బిళ్ళ చక్రమునకు చెందదు. తిరుగుచున్నదాని నడుమ తిరుగనిది కూర్చుండినచో అది చక్రమునకు అలంకారము కాదు, చక్రముమీద వ్రేలగట్టిన పలక. చేమంతిబిళ్ళ జడతోపాటు ఊగును. ఊగనని బిగిసికొన్న బిళ్ళను ఏ పడుచును ధరింపదు.

మనవారు ఈ చిక్కును ఎట్లు చూచిరో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. ఒరిస్సాలో నున్నవారికి కోణార్కము, కర్ణాటకమున నున్నవారికి హంపి దగ్గరివే. దూరమున నున్నవారు జేబులో చూచుకొన్నను చాలును. 2018లో వెలువడిన పదిరూపాయల నోటుమీద కోణార్క దేవాలయమును, 2017లో వెలువడిన యేబదిరూపాయల నోటుమీద హంపి రాతిరథమును ముద్రించిరి.

కోణార్కమును 13వ శతాబ్దమున తూర్పుగాంగులలో మొదటి నరసింహదేవుడు కట్టించెను. శ్రీకాకుళము జిల్లాలోని ముఖలింగము ఆ వంశమువారికి పూర్వపు రాజధానియగు కళింగనగరమని చరిత్రకారులు గుర్తించిరి గనుక ఆ రాజులు మనకు క్రొత్తవారు కారు. సూర్యుని రథముగా తలచి దేవాలయమునకు ఇరువదినాలుగు చక్రములను చెక్కిరి. ఒక్కొక్కదాని వ్యాసము సుమారు పదియడుగులు. లావుపాటి ఆకులు ఎనిమిది, సన్ననివి ఎనిమిది. నడుమ కుండ ముందునకు పొడుచుకొని వచ్చియుండును. కుండమీదను, లావుపాటి ఆకుల నడిమి బిళ్ళలలోను దేవతామూర్తులు, స్త్రీమూర్తులు మొదలగు బొమ్మలను చెక్కిరి. ఆ చక్రములు గోడలో భాగములు, ఎన్నటికిని తిరుగవు. తిరుగనిచోట మనిషిబొమ్మకు అడ్డులేదు.

హంపిలో విఠలాలయ ప్రాంగణమున నున్న రాతిరథము 16వ శతాబ్దపు పని. గరుడునికై కట్టిన చిన్నగుడి. దాని చక్రములు గోడలో చెక్కినవి కావు. వేరుగా చెక్కి ఇరుసులకు తొడిగినవి, ఒకప్పుడు తిరిగెడివి. రాయి అరగిపోవునను భయముతో తరువాత వానిని కదలకుండ బిగించిరి. ఆ చక్రములమీద నేమున్నది? పూలవలయములు. ఒకదానిలోపల నొకటిగా రేకుల వరుసలు, పట్టెలు, మరల రేకులు, నడుమ కుండ. మనిషిబొమ్మ లేదు, మృగము లేదు. రథపు పీఠముమీద పోరాటములు, గుఱ్ఱములు, ఏనుగులు కావలసినన్ని చెక్కిన చేయియే, చక్రమునకు వచ్చునప్పటికి పూవుదగ్గర ఆగినది. ఇది యాదృచ్ఛిక మని నేను తలపను. తిరుగని చక్రమున బొమ్మ, తిరుగు చక్రమున పూవు. ఈ వివేకమును ఏ శాస్త్రగ్రంథమునుండి ఉదాహరింపనక్కరలేదు, ఆ రాయి చాలును. హంపి పతనమైన పిమ్మట విజయనగరరాజులు చేరిన పెనుకొండ దగ్గరనే నేడు మూడక్షరముల బిళ్ళలతో కార్లు బారులు తీరుచుండుట చూచినచో ఈ రాయి మరింత గుర్తునకు వచ్చును.

ఇట్టి వివేకము మనకు పాతకాలముతోనే పోలేదు. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకు సమర్పించిన జెండాలో చరఖా యుండెను. 1947 జూలై 22వ తేదీన రాజ్యాంగసభలో నెహ్రూగారు జాతీయపతాకమును ప్రతిపాదించుచు, చరఖా బదులు చక్రమును గ్రహించుటకు గల కారణములలో నొకటి చెప్పిరి. చరఖాకు ఒక ప్రక్క చక్రము, మరియొక ప్రక్క కదురు. జెండాను వెనుకనుండి చూచినచో కదురు తారుమారగును. జెండా గాలికి ఎటైనను తిరుగును గనుక రెండువైపులను ఒక్కతీరుగా నుండవలెను. గాలిలో తిరుగుదానికి ఆలోచించినంత, దారిలో తిరుగుదానికి ఆలోచింపరాదా?

ఈ ప్రశ్న వలన ఎవరికి ప్రయోజనమని అడుగువారికి నా సమాధానమిది. హోసూరులోను, చెన్నపట్టణములోను, పూనాలోను మోటారు కర్మాగారములున్నవి. వాని చుట్టుప్రక్కల తరతరములుగా కాపురమున్న తెలుగుకుటుంబముల పిల్లలు పెక్కుమంది ఆ పనులలో చేరుచున్నారు. కొందరు రూపకల్పన చదివి కంప్యూటరుమీద ఈ బిళ్ళలనే గీయుచున్నారు. అట్టి యువకు డొకడు, మా దగ్గరి బంధువుల బిడ్డ, తన పని నాకు చూపెను. చక్కని చేయి. కాని మొదట పేరు నిలిపి, తరువాత పేరు చుట్టును చోటు నింపినాడు. ముందు చక్రమును త్రిప్పి చూచితివా బాబూ యని అడిగితిని. "చిన్నాన్నా, తెరమీద తిప్పి చూడమని ఎవరూ చెప్పలేదు" అనెను. వాని తప్పు లేదు. పూవును నడుమ నిలిపిన వారి వీధిలోనే పుట్టి, ఆ పూవును చూడకుండ పెరిగినాడు.

ఆ పూవు ఇప్పటికిని ఉన్నది. లారీచక్రములను చూడుడు. పెద్దలారీలకు కుండ చుట్టును ఎనిమిదియో పదియో నట్లుండును. రంగులువేయు కళాకారుడు నట్టునకు నట్టునకు నడుమ ఒక రేకు చొప్పున గీయును. కుండ దుద్దగును, నట్లు కేసరములగును. ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ. కొన్నింటికి రేకుల అంచున తెల్లనిగీత. చక్రపు ఆకులను లెక్కపెట్టుట నేర్వని జర్మను శిల్పులకంటె ఇతడు ఒక మెట్టు పైన నున్నాడు. నట్లు పదియైనచో రేకులును పదియే. రేకుల కొలత ఇంటింటికి మారునట్లు లారీలారీకి మారును. పదిరేకుల పూవును పదితీరుల గీయగలవాడు గనుక, పేర్లు లేకున్న బిళ్ళలన్నియు ఒక్కతీరుగా నుండునను భయము నాకు లేదు. చేమంతిబిళ్ళలు చేసిన కంసాలులును ఆ భయము పడలేదు.

హోసూరుదగ్గర రాజమార్గము ప్రక్కన ఒక చెట్టుక్రింద అట్టి పనివానిని చూచి కొంతసేపు నిలిచితిని. మాటలలో అతడును తెలుగువాడే యని తేలినది. యజమాని పేరు చక్రము నడుమ వ్రాయరాదా యని అడిగితిని. "పేరు ముందర అద్దంమీద రాస్తాం సామీ. చక్రంమీద రాస్తే తల్లకిందులవుతుంది. పువ్వుకైతే తలెక్కడుండాది?" అని తన పనిలో తాను పడెను. వాని రేకులు పూర్తియైనవి. చుట్టును గీత మిగిలినది. ఆ గీతను అతడు చేయి త్రిప్పి గీయలేదు. జాకీమీద ఎత్తియుంచిన చక్రమును ఎడమచేతితో మెల్లగా త్రిప్పి, కుడిచేతి కుంచెను రేకుల అంచున కదలకుండ ఆనించెను. చక్రము ఒక చుట్టు తిరిగివచ్చునప్పటికి తెల్లనిగీత దానంతట అది వచ్చి, మొదలుపెట్టినచోటనే కలసెను.